ఏ జాన్ మిల్లర్ మనవాడు? అత్తగారి ముత్తాత కోసం వెతుకులాట

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక ఒహాయోలో ఉంటున్నాను. మా వారు అమెరికన్. పాపకు పదేళ్లు. వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు మా నాన్న దానికి మా వైపు ఏడు తరాల పేర్లు వరసగా చెప్పారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి "మరి డాడీ వాళ్లవి?" అని పట్టుకుంది. స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు కూడా ఉంది. మా అత్తగారు 1949లో పుట్టారు. ఆవిడకు నాన్నవైపు ముత్తాత వరకే తెలుసు. పేరు జాన్ మిల్లర్. 1840 ప్రాంతంలో పెన్సిల్వేనియాలో పుట్టి, ఒహాయో వచ్చి, అక్కడి సైన్యంలో చేరి అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) పోరాడాడట. తర్వాత కాన్సాస్ వెళ్లి వ్యవసాయం చేశాడట. 1900 కన్నా ముందే పోయాడట. భార్య కేథరిన్, ఆవిడ పుట్టింటి పేరు ఎవరికీ తెలియదు. యూనిఫాంలో ఉన్న ఫొటో ఒకటి, పాత ఫ్యామిలీ బైబిల్ ఒకటి (అందులో రాసిన పిల్లల పేర్లలో ఓబద్యా అని ఒకటుంది) ఉన్నాయి. "మా ఇంటిపేరు, వలసవచ్చినవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో మార్చేశారు", "మాలో చెరొకీ (అమెరికా ఆదివాసీ తెగ) రక్తం ఉంది" అని అత్తగారు అంటుంటారు. ఒక వెబ్‌సైట్‌కి డబ్బు కట్టి వెతికితే జాన్ మిల్లర్లు కుప్పలుతెప్పలుగా వచ్చారు. అందులో ఎవరో కట్టిన వంశవృక్షం స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. మా వారు అదే ఖాయం అంటున్నారు, అత్తగారు కాదంటున్నారు, మధ్యలో నాకు టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి? (పేర్లు మార్చాం)

సమాధానం: ఇంట్లో గొడవ ఆ స్క్రీన్‌షాట్ గురించే కాబట్టి ముందు దాని సంగతి తేల్చేద్దాం. అందులో జాన్ మిల్లర్ పుట్టింది 1842 అని ఉంది. తల్లి గడిలో ఉన్నావిడ ఎప్పుడు చనిపోయిందో చూశారా? 1839. పోయిన మూడేళ్లకు కొడుకును కన్న తల్లి ఎక్కడా ఉండదు. కాబట్టి ఈ రౌండు మీ అత్తగారిదే. మీ వారితో వాదన పెట్టుకోకండి, ఆ రెండు సంవత్సరాల మీద వేలు పెట్టి చూపించండి చాలు.

ఇలాంటి చెట్లు ఎలా తయారవుతాయంటే, పేరూ రాష్ట్రమూ కాస్త కలిస్తే చాలు, ఆ వెబ్‌సైట్లు "ఈయన మీవాడేమో" అని ఒక సూచన చూపిస్తాయి. ఎవరో ఒకరు అవునని నొక్కేస్తారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు తమ చెట్టులోకి ఎక్కించుకుంటారు. పది చెట్లలో ఒకే మాట కనిపిస్తే మనం పది సాక్ష్యాలు అనుకుంటాం. నిజానికి సాక్షి ఒక్కడే, ఒక్కోసారి వాడూ ఉండడు. అలాగని వాటిని అసలు చూడొద్దని అనను. కింద ఆధారాలేం పెట్టారో చూడండి. కాగితమేదీ లేకుండా ఇంకో చెట్టునే ఆధారంగా చూపిస్తే వదిలేసి ముందుకు వెళ్లండి.

అసలు చిక్కంతా పేరుతోనే. మన దగ్గర ఇంటిపేరు, ఊరు, గోత్రం మూడూ కలిస్తే మనిషి దాదాపు దొరికినట్టే. పెన్సిల్వేనియా, ఒహాయోల్లో జాన్ మిల్లర్ అంటే ఆ వసతి లేదు. ఒకే కౌంటీలో (మన జిల్లా లాంటిది), ఒకే వయసులో నలుగురైదుగురు ఉండటం మామూలే. జర్మన్ కుటుంబాల్లో మ్యూలర్ అని రాసుకున్నవాళ్లు కూడా కాలక్రమంలో మిల్లర్లయ్యారు. అందుకని పేరుతో వెతికి లాభం లేదు. చుట్టూ ఉన్నవాళ్లతో కలిపి వెతకాలి. భార్య ఎవరు, పిల్లలెవరు, పక్క పొలం ఎవరిది, సైన్యంలో ఏ కంపెనీ (అంటే దళం), పెళ్లికి సాక్షులెవరు అన్నవి తెలిస్తే పది మంది జాన్ మిల్లర్లలో మీవాడెవరో విడిపోతాడు. మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది, బైబిల్లో రాసివున్న పిల్లల పేర్లలో ఒకటి ఓబద్యా కావడం. జాన్‌ను వదిలేసి ఓబద్యా మిల్లర్‌ను వెతకండి. కాన్సాస్‌లో ఆ వయసు ఓబద్యాలు ఎంతమంది ఉంటారు చెప్పండి?

డబ్బు కట్టి వెతికే ముందు ఇంట్లో ఉన్న రెండు వస్తువులనూ సరిగ్గా చూడండి. బైబిల్ తెరవగానే అందరూ పుట్టినరోజులు రాసిన పేజీకి వెళ్లిపోతారు. మీరు ముందు మొదటి పేజీ తీసి అది ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి. అచ్చయింది 1885 అయి, 1840 నాటి పుట్టుకలు కూడా అందులో ఉంటే, అవి ఎవరో తర్వాత జ్ఞాపకం మీద రాసినవే. అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా అయితే ఒకే రోజు కూర్చుని రాసేశారని అర్థం. సిరాలు, చేతిరాతలు మారుతూ వస్తే ఎప్పటికప్పుడు రాసుకున్నారన్నమాట, దానికి విలువ ఎక్కువ. పేజీల మధ్య దూర్చిన పేపర్ కటింగులు, చావు కార్డులు పారేయకండి. ప్రతి పేజీకీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ఆ సైనికుడి ఫొటో. అది పలచటి ఇనప రేకు మీద ఉందా, అట్టకు అంటించిన కాగితం మీద ఉందా? చిన్న అయస్కాంతాన్ని వెనకవైపు మెల్లగా ఆనించి చూడండి. అంటుకుంటే అది టిన్‌టైప్. అందులో బొమ్మ అద్దంలోలాగా కుడిఎడమలు తిరగబడి ఉంటుంది, కాబట్టి టోపీ మీద అంకెలేవైనా ఉంటే తిప్పి చదవాలి. అట్ట ఫొటో అయితే ఫ్రేములోంచి జాగ్రత్తగా తీసి వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసి ఉండొచ్చు. పోస్టు బిళ్ల లాంటి స్టాంపు ఒకటి అంటించి ఉంటే మీ పంట పండినట్టే. యుద్ధం ఖర్చుల కోసం ప్రభుత్వం ఫొటోల మీద కూడా పన్ను వేసింది. ఆ స్టాంపు 1864 సెప్టెంబర్ నుంచి 1866 ఆగస్టు మొదటి తేదీ దాకానే ఉంది. అంటే ఫొటో ఆ రెండేళ్లలో అమ్ముడైందే.

ఆ తర్వాత సెన్సస్. ఇక్కడ నియమం ఒక్కటే: తెలిసిన మనిషి నుంచి తెలియని మనిషి దగ్గరికి, ఒక్కో మెట్టే వెనక్కి వెళ్లాలి. 1840లో పెన్సిల్వేనియాకు గెంతకూడదు. అమెరికాలో పదేళ్లకోసారి తీసే జనాభా లెక్కల పేజీలను 72 ఏళ్లు దాచిపెట్టి తర్వాత జనానికి ఇస్తారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. ప్రభుత్వ పాత రికార్డులు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఉచితంగా పెట్టింది, పేరుతో వెతకొచ్చు. మీ అత్తగారు 1949లో పుట్టారు కాబట్టి అందులో చంటిపిల్లగా ఉండాలి. మొదట ఆ పేజీ తీసి ఆవిడకు చూపించండి. తన పేరు, అమ్మానాన్నల పేర్లు, పక్కింటివాళ్ల పేర్లు అదే కాగితం మీద చూశాక ఇంతవరకూ చెప్పని కబుర్లు ఎన్నో బయటికొస్తాయి. పక్కన ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి.

అక్కడి నుంచి ఆవిడ నాన్నగారిని పట్టుకుని 1940, 1930, 1920 అంటూ వెనక్కి, తర్వాత తాతగారిని పట్టుకుని 1910, 1900కి వెళ్లండి. 1900 లెక్కల్లో ఒక్కొక్కరి పుట్టిన నెల, సంవత్సరం రాశారు. ఆడవాళ్లను "ఎంతమంది పిల్లల్ని కన్నారు, ఎంతమంది బతికున్నారు" అని అడిగారు. కేథరిన్ అప్పటికి బతికుంటే ఆ రెండు అంకెలూ చూడండి. బైబిల్లో ఉన్న పిల్లల సంఖ్యతో కలవాలి. ఇక 1880 లెక్కలు మీకు మరీ ముఖ్యం. ఇంటి యజమానికి ఎవరేమవుతారో మొదటిసారి రాసింది అప్పుడే. అంతకుముందు ఒక ఇంట్లో పదేళ్ల పిల్లాడు కనిపిస్తే కొడుకో, మేనల్లుడో, పనికి పెట్టుకున్న కుర్రాడో తెలిసేది కాదు. 1880లో ప్రతి మనిషి తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో కూడా రాశారు. జాన్ తండ్రి గడిలో పెన్సిల్వేనియా ఉందా, జర్మన్ రాజ్యం ఏదైనా ఉందా అన్నది ఒక్క చూపుతో తేలుతుంది. పిల్లలు పుట్టిన రాష్ట్రాలూ వరసగా చదవండి. పెద్దవాడు ఒహాయో, రెండోది అయోవా, చివరివాడు కాన్సాస్ అని ఉంటే వాళ్లు ఏ దారిన, ఎప్పుడు వచ్చారో అదే చెబుతుంది.

1890 లెక్కల కోసం మాత్రం వెతక్కండి. 1921 జనవరి 10న వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో మంటలు లేచాయి. కొంత కాలిపోయింది, మరికొంత ఆర్పడానికి కొట్టిన నీళ్లకు నానిపోయింది. మిగిలినవాటిని ఏళ్ల తరబడి పట్టించుకోకుండా ఉంచి, చివరికి తగలేసే జాబితాలో చేర్చారు, 1933 ఫిబ్రవరిలో కాంగ్రెస్ దానికి అనుమతిచ్చింది. నేషనల్ ఆర్కైవ్స్ భవనానికి శంకుస్థాపన జరిగింది కూడా సరిగ్గా ఆ నెలలోనే! 6 కోట్ల 20 లక్షల పైచిలుకు జనం వివరాల్లో ఆరు వేల చిల్లర పేర్లు మాత్రమే మిగిలాయి. అదే ఏడాది మాజీ సైనికులకు విడిగా తీసిన పట్టిక ఒకటుంది. అక్షరక్రమంలో కెంటకీ సగం నుంచి వ్యోమింగ్ దాకా ఉన్న రాష్ట్రాలవి మిగిలాయి. కాన్సాస్ కెంటకీకి ముందొస్తుంది కాబట్టి మీకు ఆ అదృష్టం లేదు.

అయినా కాన్సాస్‌వాళ్లకు వేరే దారి ఉంది. ఆ రాష్ట్రం మధ్యమధ్యలో సొంతంగా లెక్కలు తీసుకుంది: 1865, 1875, 1885, 1895. 1875, 1885 పట్టికల్లో "ఎక్కడి నుంచి కాన్సాస్ వచ్చారు" అని ఒక గడి ఉంది. 1885లో మాజీ సైనికుల్ని ఏ రాష్ట్రం, ఏ కంపెనీ, ఏ రెజిమెంట్ అని కూడా అడిగారు. జాన్, కేథరిన్, ఓబద్యా ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్న పేజీ మీకు దొరికి, అందులో ఒహాయో రెజిమెంట్ నంబరు కనిపిస్తే పని సగం అయిపోయినట్టే.

ఆ గడి ఖాళీగా ఉన్నా కంగారుపడకండి, సమాధి రాయి చూడండి. అంతర్యుద్ధంలో పోరాడినవాళ్లకు మామూలు శ్మశానాల్లో కూడా రాయి ఇవ్వాలని 1879లో చట్టం వచ్చింది. పాత సర్కారు రాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. తెల్లరాయి మీద డాలు ఆకారంలో కాస్త పల్లంగా చెక్కి, అందులో పేరు, కంపెనీ, రెజిమెంట్ ఉబ్బెత్తుగా ఉంటాయి. చాలామటుకు పుట్టిన తేదీ ఉండదు. సమాధుల ఫొటోలు పెట్టే ఉచిత వెబ్‌సైట్లలో ఆ కౌంటీ శ్మశానాలు తీసి, జాన్ ఒక్కడినే కాకుండా ఆ వరసలో ఉన్న మిల్లర్లందరినీ, పక్క సమాధులనూ చూడండి. పెళ్లయిన కూతుళ్లు, కేథరిన్ అన్నదమ్ములు అక్కడే పక్కన ఉండే అవకాశం ఎక్కువ.

రెజిమెంట్ తెలిశాక పెన్షన్ ఫైలు. నన్నడిగితే మీరు డబ్బు ఖర్చుపెట్టాల్సింది దీని మీదే. 1862లో మొదలైన పెన్షన్లు 1890 చట్టంతో బాగా విస్తరించాయి. యుద్ధంలో గాయపడకపోయినా, పని చేసుకోలేని స్థితిలో ఉంటే చాలన్నారు. 1890ల మొదట్లో ఫెడరల్ ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకు పైనే పెన్షన్లకు పోయేది. అంత డబ్బు పంచేటప్పుడు అధికారులు ఊరికే ఇవ్వరు కదా. రుజువులు అడిగారు, మళ్లీ మళ్లీ అడిగారు. ఆ విసిగింపే ఇప్పుడు మనకు వరమైంది.

ముందు ఇండెక్స్ కార్డు దొరుకుతుంది. సైనికుడి పేరు, అతను పనిచేసిన యూనిట్, అప్లికేషన్ నంబరు, సర్టిఫికెట్ నంబరు, ఏ రాష్ట్రం నుంచి దరఖాస్తు పెట్టాడో దాని మీద ఉంటాయి. ఒహాయో రెజిమెంట్, దరఖాస్తు కాన్సాస్ నుంచి, కింద విధవ వరసలో కేథరిన్ అని ఉంటే ఇంకేం కావాలి? ఒహాయో రెజిమెంట్లలో జాన్ మిల్లర్లు ఎంతమంది ఉన్నా, ఈ మూడూ కలిసేవాడు ఒక్కడే ఉంటాడు. ఆ నంబర్లతో వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఆర్డర్ పెట్టొచ్చు. రెండు రకాలుగా అమ్ముతారు: ఎంపిక చేసిన కొన్ని కాగితాలు తక్కువ ధరకు, పూర్తి ఫైలు ఎక్కువ ధరకు. పూర్తిదే తీసుకోండి. మనకు కావలసిన ముక్క ఎప్పుడూ వాళ్లు ఎంపిక చేయని కాగితంలోనే ఉంటుంది.

ఆ ఫైల్లో ఏముంటుందో కొంచెం చెబుతాను. 1898లో పెన్షన్ ఆఫీసు అందరికీ ఒక ప్రశ్నాపత్రం పంపింది: మీ భార్య పెళ్లికి ముందు పూర్తి పేరేమిటి, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేయించారు, అంతకుముందు పెళ్లి ఏదైనా అయిందా, బతికున్న పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఏమిటి అని. జాన్ అప్పటికి బతికుంటే తన చేత్తో జవాబు రాసి ఉంటాడు. ముందే పోయివుంటే ఇంకా మంచిదే, అనకూడదు గానీ. ఎందుకంటే అప్పుడు కేథరిన్ విధవ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టాలి. తనే చట్టబద్ధమైన భార్యనని, ఆయన ఫలానా రోజు పోయాడని, మళ్లీ పెళ్లి చేసుకోలేదని, పదహారేళ్లలోపు పిల్లలు ఫలానా అని ఆవిడ నిరూపించుకోవాలి. పెళ్లి సర్టిఫికెట్ దొరక్కపోతే పెళ్లికి వచ్చినవాళ్ల చేత ప్రమాణపత్రాలు రాయించేవారు. "నేను ఈమె అన్నను, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను" అని ఒక సంతకం ఉందనుకోండి, కేథరిన్ పుట్టింటి పేరు ఆ సంతకంలోనే దొరికిపోతుంది. కొందరు ఫ్యామిలీ బైబిల్లోంచి పుట్టుకల పేజీ చించి పంపేశారు కూడా, అవి ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి. మీ బైబిల్లో పేజీ చిరిగిన ఆనవాలు ఉందేమో ఒకసారి చూడండి.

ఆ ఫైలు చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. అది డబ్బు కోసం పెట్టిన దరఖాస్తు. నడుం నొప్పి గురించి రాసింది కాస్త ఎక్కువ చేసి రాసి ఉండొచ్చు. ఊళ్లోవాళ్లు ఒకళ్లకొకళ్లు సాక్ష్యం చెప్పుకోవడం అక్కడా ఉంది. పేర్లు, తేదీలు, బంధుత్వాల విషయంలో మాత్రం గట్టి ఆధారమే.

కాన్సాస్‌లో వ్యవసాయం చేశాడన్నారు కాబట్టి పొలం పట్టా కూడా వెతకండి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు, ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే సొంతం. యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికులకు 1872 నుంచి సైన్యంలో ఉన్న కాలాన్ని ఆ ఐదేళ్లలోంచి తగ్గించేవారు. ఫెడరల్ భూముల శాఖ వెబ్‌సైట్‌లో పట్టా కాపీ ఉచితంగా కనిపిస్తుంది. దాని వెనకున్న ఫైలు మళ్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో. అందులో ఇల్లు ఎన్ని అడుగులు, దేనితో కట్టారు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, కుటుంబంలో ఎంతమంది అన్నవి ఇద్దరు పొరుగువాళ్ల సాక్ష్యంతో సహా ఉంటాయి. ఆ ఇద్దరి పేర్లూ రాసిపెట్టుకోండి. ఒహాయోలో జాన్ ఉన్న కంపెనీ జాబితాలోనో, పెన్సిల్వేనియాలో పక్కింటిగానో వాళ్లే మళ్లీ తగలొచ్చు. ఆ రోజుల్లో చుట్టాలు, ఊరివాళ్లు గుంపుగానే కదిలేవారు.

ఇక్కడి దాకా వచ్చాకే ఒహాయో. సైన్యంలో కంపెనీలను చాలావరకు ఒకే ప్రాంతం కుర్రాళ్లతో నింపేవారు కాబట్టి కంపెనీ తెలిస్తే కౌంటీ దాదాపు తెలిసినట్టే. ఒహాయో సైనికుల జాబితాలను రాష్ట్ర ప్రభుత్వం 19వ శతాబ్దం చివర్లో సంపుటాలుగా అచ్చువేసింది, చేరినప్పటి వయసు అందులో ఉంది. పెళ్లి రికార్డులు కౌంటీ కోర్టుల్లో ఉంటాయి. పొలం అమ్మిన దస్తావేజులు కూడా తీయండి. భూమి మీద భార్యకున్న హక్కు వదులుకున్నట్టు ఆమె చేత కూడా రాయించుకునేవారు కాబట్టి పెళ్లయిన జాన్ ఎవరో, కానివాడు ఎవరో అక్కడ విడిపోతారు.

పెన్సిల్వేనియాలో బర్త్ సర్టిఫికెట్ కోసం మాత్రం ఎవరికీ డబ్బు కట్టకండి. ఆ రాష్ట్రంలో జనన మరణాల నమోదు రాష్ట్రవ్యాప్తంగా మొదలైంది 1906లో. 1840లో పుట్టినవాడి ఆచూకీ చర్చి రిజిస్టర్లలోనే ఉండాలి. 1850 సెన్సస్‌లో పదేళ్ల జాన్ ఏ ఇంట్లో ఉన్నాడో చూసి, ఆ చుట్టుపక్కల లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చిల బాప్తిస్మ పుస్తకాలు వెతకండి. బిడ్డకు జ్ఞానతల్లిదండ్రులుగా నిలబడ్డవాళ్లు చాలాసార్లు మేనత్తలు, పెదనాన్నలే అవుతారు. మీది గుంటూరు కాబట్టి ఒక మాట: 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ దొరను పంపింది ఈ పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే. వాళ్ల రిజిస్టర్లు చూస్తుంటే మీకు మరీ పరాయిగా అనిపించకపోవచ్చు.

1850 గురించి ఇంకో సంగతి. అంతకుముందు లెక్కల్లో ఇంటి యజమాని పేరే రాసి, మిగతావాళ్లను వయసుల వారీగా గీతలు పెట్టేవారు. ఇంట్లోవాళ్లందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది, అది కూడా స్వతంత్రులకే. బానిసత్వంలో ఉన్నవాళ్లను 1850, 1860లలో వేరే పట్టికలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు అని మాత్రమే రాశారు. వాళ్లలో చాలామంది పేర్లు సెన్సస్‌లో మొదటిసారి కనిపించేది 1870లోనే. మీ పాప క్లాసులో నల్లజాతి పిల్లల చెట్లు అక్కడ ఆగిపోతే అది వాళ్లు వెతకలేక కాదు. ఈ ముక్క పాపకు ముందే చెప్పి పంపండి.

అత్తగారి రెండు మాటల సంగతికొస్తే, ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న. జాన్ పెన్సిల్వేనియాలో పుట్టింది దానికి యాభై ఏళ్ల ముందు. అదీగాక అక్కడి ఉద్యోగులు ఓడవాళ్లు తెచ్చిన జాబితాలు చూసి టిక్కులు పెట్టుకునేవారే గానీ ఎవరికీ కొత్త పేర్లు పెట్టలేదు. పేర్లు మారింది తర్వాత, వాళ్లంతట వాళ్లు మార్చుకున్నందుకో, సెన్సస్ గుమాస్తా చెవికి అలా వినిపించినందుకో. మిల్లర్లు 18వ శతాబ్దంలోనే వచ్చివుంటే, ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్లు 1727 నుంచి ప్రమాణం చేసి సంతకాలు పెట్టిన జాబితాలున్నాయి. అవి ఆఖర్న చూడాల్సినవి.

చెరొకీ మాటను "అబద్ధం" అని కొట్టేయకండి, ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. చెరొకీ నేషన్ పౌరసత్వానికి ఆధారం డాస్ రోల్స్ అనే జాబితాలు. 1898లో మొదలుపెట్టి తయారు చేసినవి, ఉచితంగా వెతకొచ్చు. అందులో పేరున్నవారికి తాము వారసులమని కాగితాలతో చూపించాలి, డీఎన్ఏ శాతాలు వాళ్లు ఒప్పుకోరు. ఇలాంటి కథ లేని పాత అమెరికన్ కుటుంబం తక్కువే. "చూద్దాం అత్తయ్యా, జాబితాలున్నాయట" అనండి చాలు.

డీఎన్ఏ టెస్టు చేయిస్తే పాపకో మీ వారికో కాదు, అత్తగారికి చేయించాలి. ముత్తాత నుంచి ఆవిడకు వచ్చింది సగటున 12.5 శాతం. మీ వారి దగ్గరికి వచ్చేసరికి అందులో సగం, పాప దగ్గర మూడు శాతం చిల్లర. కానీ ముందు ఆవిడకు రెండు విషయాలు చెప్పి ఒప్పుకుంటేనే చేయించండి. ఒకటి, ఆ సమాచారం ఒక కంపెనీ చేతిలో ఉంటుంది, ఆ కంపెనీ రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు. రెండు, ఎవరూ ఎదురుచూడని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బయటపడొచ్చు. పాపకు మాత్రం ఇప్పుడొద్దు.

ఖర్చు సంగతి: నెలనెలా కడుతున్న చందా ఆపేయండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కార్డు ఉంటే అవే వెబ్‌సైట్లు ఉచితంగా చూడొచ్చు, మీ ఊళ్లో అడగండి. మోర్మన్ చర్చివాళ్లు నడిపే ఫ్యామిలీసెర్చ్ పూర్తిగా ఉచితం. కొన్ని పేజీలు మాత్రం వాళ్ల సెంటర్లలోనో, అనుబంధ లైబ్రరీల్లోనో కూర్చునే చూడాలి. పాత పేపర్లకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉచిత సేకరణ ఉంది, కేథరిన్ చనిపోయినప్పటి వార్త అక్కడ వెతకండి. మీకు డ్రైవ్ చేసే ఓపిక ఉంటే పక్క రాష్ట్రం ఇండియానాలో ఫోర్ట్ వేన్‌లోని అలెన్ కౌంటీ లైబ్రరీ వంశచరిత్రకు దేశంలోనే పేరున్న చోటు.

పాప ప్రాజెక్టుకు పెన్షన్ ఫైలు అందకపోవచ్చు, రావడానికి టైం పడుతుంది. 1950 పేజీ, 1880 పేజీ ప్రింట్ తీసి అతికించనివ్వండి. జాన్ తల్లిదండ్రుల గడుల్లో పెన్సిల్‌తో ప్రశ్నార్థకాలు పెట్టించండి, మీ వారు ఎంత చెప్పినా సరే. ఫైలు వచ్చాక పెళ్లి ఏ కౌంటీలో జరిగిందో, సాక్షులుగా ఎవరెవరు సంతకాలు పెట్టారో నాకు రాయండి. తర్వాత ఏ కోర్టు, ఏ చర్చి పుస్తకాలు తిరగేయాలో అప్పుడు చెబుతాను.